వింటే సరిపోతుందా, నడవాలా? గుండె వ్యాయామానికి ఎనర్జీ ఆడియో, నడక, డ్యాన్సు, సైకిల్: ఎవరికి ఏది

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం. ఈ ఒడిశా వైపు తెలుగిళ్లలో ఈమధ్య ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తోంది. ఫోన్లోకి ఒక ఆడియో వస్తుంది. అందులో ‘ఎనర్జీ ప్రోగ్రామ్’ చేసి ఉందంటారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోజూ కాసేపు కళ్లు మూసుకుని వింటే చాలు, పరిగెత్తినంత మేలు జరుగుతుందని, దమ్ము పెరిగి కొవ్వు కరుగుతుందని చెప్తారు. ‘నాకు నడవడానికి కుదరదు, ఇది వింటే సరిపోతుందా?’ అన్నదే ఆ ప్రశ్న.

అడిగేవాళ్లకి నిజమైన ఇబ్బందులే ఉన్నాయి. ఒకరికి మోకాళ్ల నొప్పి. ఇంకొకరు పొద్దున్న షాపు తెరిస్తే రాత్రి తొమ్మిదికి గానీ కట్టరు. కాగితం మిల్లులో షిఫ్టు మారినప్పుడల్లా నిద్రవేళలే తలకిందులయ్యేవాళ్లున్నారు. చీకటి పడ్డాక ఒంటరిగా రోడ్డు మీద నడవడానికి భయపడే ఆడవాళ్లున్నారు. ఇలాంటివాళ్లకి ‘బద్ధకం వదిలి నడవండి’ అని చెప్పి ఊరుకుంటే ఏమీ తేలదు. అందుకే ఆడియోతో పాటు మన ఊళ్లలో నిజంగా చేయగలిగిన మిగతా మార్గాలన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు దేన్నిబట్టి తూచాలి

మొదటిది ఊపిరి. కార్డియో అంటే గుండె, ఊపిరితిత్తులు కొంతసేపు మామూలుకన్నా ఎక్కువ పని చేయడం. దాన్ని తెలుసుకోవడానికి వాచీలు, మిషన్లు అక్కర్లేదు. చేస్తూ చేస్తూ మాట్లాడి చూడండి. మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి శ్రమ. హాయిగా పాడగలుగుతున్నారంటే శ్రమ ఇంకా ఆ మెట్టుకి చేరలేదు.

రెండోది మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. దాంతో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకి బలం చేకూర్చే పని ఉండాలి. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని ఆ సలహాలోంచి తీసేశారు. టైం లేదనేవాళ్లు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది.

మూడోది మన వాతావరణం. బరంపురంలో ఎండాకాలం సముద్రపు ఉక్కకి పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కోరాపుట్ ఎత్తు మీద ఉంది కాబట్టి వేసవి కాస్త నయం, కానీ చలికాలం పొద్దున్నే మంచు దట్టంగా కమ్మేస్తుంది. జూన్ దాటితే రాయగడ, గుణుపురాల్లో వాన ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు. ఏడాది పొడుగునా ఒకే పద్ధతి నడవదు కనుక, ఎంచుకునేది ఏదైనా దానికో వానాకాలపు ప్రత్యామ్నాయం కూడా ఉండాలి.

నాలుగోది మీ ఒంటి సంగతి: మోకాళ్లు, షుగర్, బీపీ, రక్తహీనత, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు). చివరిది, ఆరు నెలల తర్వాత కూడా చేస్తుంటారా అన్నది. నా లెక్కలో మొదటిదీ చివరిదీ మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఊపిరి పరీక్షలో నెగ్గనిదాన్ని ఎన్నాళ్లు చేసినా గుండెకి వ్యాయామం కాదు. నెగ్గినా వారానికే మానేస్తే మిగిలేదేం లేదు.

ఒక్క చూపులో

ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే ఖర్చుని 1 అనుకుంటే, ఏ పనికి ఎన్ని రెట్లు ఖర్చవుతుందో ఈ పట్టికలో ఉంది. వయసుని బట్టి, వేగాన్ని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

| ఎంపిక | శ్రమ ఎన్ని రెట్లు | ఊపిరి పరీక్ష | వానలో | ఎవరు జాగ్రత్తపడాలి |
|---|---|---|---|---|
| పడుకుని ఎనర్జీ ఆడియో వినడం | 1 | నెగ్గదు | కుదురుతుంది | అసలు వ్యాయామం మానేసేవాళ్లు |
| కబుర్లు చెప్పుకుంటూ నింపాదిగా నడక | 2 – 3 | చాలామందికి నెగ్గదు | కుదరదు | – |
| పాట లయకి చురుకైన నడక | 3.5 – 5 | నెగ్గుతుంది | కష్టం | రోడ్డు మీద నడిచేవాళ్లు |
| ఇంట్లో ఉన్నచోటే అడుగులు, డ్యాన్సు | 3 – 7 | నెగ్గుతుంది | కుదురుతుంది | మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు |
| డాబా మెట్లు | 4 – 8 | త్వరగా నెగ్గుతుంది | మెట్లు తడిస్తే వద్దు | మోకాళ్లు, తల తిరగడం |
| తాడాట (స్కిప్పింగ్) | 9 – 12 | గట్టిగా నెగ్గుతుంది | వసారాలో కుదురుతుంది | బరువు ఎక్కువున్నవాళ్లు, 50 దాటినవాళ్లు |
| సైకిల్ | 4 – 7 | నెగ్గుతుంది | కష్టం | లారీలు తిరిగే రోడ్లు |

ఎనర్జీ ఆడియో: దానికి ఏం చేతనవుతుంది, ఏం కాదు

ముందు దాని వైపు నుంచి చెప్పగలిగినంతా చెప్తాను. శబ్దం ఒంటి మీద పని చేస్తుందన్నది నిజమే. నెమ్మదైన సంగీతం వింటే టెన్షన్ తగ్గుతుంది. ఒక చెవిలో 400 హెర్ట్జ్ (అంటే సెకనుకి 400 కంపనాలు), ఇంకో చెవిలో 410 హెర్ట్జ్ స్వరం వినిపిస్తే, సెకనుకి 10 సార్లు ఊగే మూడో లయ ఒకటి మెదడుకి తోస్తుంది. దీన్ని బైనారల్ బీట్స్ అంటారు. జెరాల్డ్ ఆస్టర్ అనే శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. వీటివల్ల ఆందోళన తగ్గుతుందా, నిద్ర పడుతుందా అని పరీక్షలు జరిగాయి, ఫలితాలు ఒక్కలా రాలేదు. కొందరికి హాయిగా ఉంటుంది. ఆ హాయిని నేను కాదనను.

గుండె బలపడే దారి మాత్రం కాళ్లలో మొదలవుతుంది. తొడలు, పిక్కలు పని చేస్తుంటే వాటికి ఆక్సిజన్ కావాలి. అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, పిక్కలు బిగిసినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తాయి. గుండెకి తిరిగొచ్చే రక్తం పెరుగుతుంది, గుండె ఎక్కువ నిండి ఎక్కువ చిమ్ముతుంది. విశ్రాంతిలో నిమిషానికి 5 లీటర్ల చొప్పున రక్తాన్ని తోసే గుండె గట్టి శ్రమలో 15, 20 లీటర్ల దాకా తోస్తుంది. వారాల తరబడి ఇలా జరిగితే ఒక్కో కొట్టుకి చిమ్మే రక్తం పెరుగుతుంది, విశ్రాంతిలో నాడి నెమ్మదిస్తుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో లాభముంది: పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోంచి చక్కెర లాక్కోగలదు. వీటన్నిటికీ మూలం కండరం బిగిసి సడలడమే. పడుకుని వింటున్న మనిషి కండరాలు ఏమీ అడగవు, కాబట్టి గుండెకి అదనపు పనేమీ పడదు.

గుణుపురంలో మా పిన్ని ఇదే విషయం మీద నాతో వాదించింది. “ఏరా బాబూ, అది వింటుంటే ఒళ్లు జిల్లుమంటాది, గుండె దడదడలాడతాది. గుండె పనిచేసినట్టు కాదేటి?” అంది. చెయ్యి ఇమ్మని మణికట్టు దగ్గర నాడి పట్టి లెక్కపెట్టాను. మామూలుకన్నా కాస్త వేగంగానే ఉంది. ఆ మాటే చెప్పి, పైకి రమ్మన్నాను. ఇద్దరం డాబా మెట్లు ఎక్కి దిగి, మళ్లీ ఎక్కాం. పైన పిట్టగోడ పట్టుకుని ఏదో చెప్పబోయింది. “ఉండు... ఊపిరి... తీసుకోనీ” అని మాట మాటకీ ఆగింది. చెంపలు ఎర్రబడ్డాయి, మెడ దగ్గర చెమట పట్టింది. ఆడియో విన్నప్పుడు ఇవేవీ లేవు. దడ ఒక్కటే ఉంది.

ఆ తేడా తెలియాలి. భయమేసినా, కాఫీ తాగినా, మ్యాచ్ చివరి ఓవర్లోనూ నాడి పెరుగుతుంది. దాన్ని పెంచేది నరాలు, హార్మోన్లు. కండరాల నుంచి గిరాకీ ఉండదు, ఊపిరి పెద్దగా మారదు. కాబట్టి ‘విన్నాక పల్స్ పెరిగింది’ అన్నది వ్యాయామానికి సాక్ష్యం కాదు.

ఖర్చు లెక్క వేసినా ఇదే తేలుతుంది. 65 కిలోల మనిషి ఊరికే కూర్చుంటే గంటకి సుమారు 65 కేలరీలు ఖర్చవుతాయి. చురుగ్గా నడిస్తే సుమారు 260. ఆ తేడా అంతా ఒంట్లోని ఇంధనం కండరాల్లో కాలడం వల్ల వచ్చింది. ఇయర్‌ఫోన్ చెవికి పంపే శక్తి మిల్లీవాట్లలో ఉంటుంది. అది కొవ్వుని కరిగించే మార్గం లేదు. ఇక ‘ప్రోగ్రామ్ చేసిన ఎనర్జీ’ సంగతి. ఆడియో ఫైలంటే గాలి కంపనాల నమోదు, అంతే. దాన్ని ఎంపీ3గా మార్చినప్పుడు చెవికి అందని భాగాల్ని చాలావరకు తీసేసి సైజు తగ్గిస్తారు. అందులో వినపడని శక్తి దాగుందనేవాళ్లని, ఆ శక్తిని ఏ మీటరుతో కొలుస్తారో, ఏ యూనిట్లలో చెప్తారో అడగండి.

ఇలాంటి ఆడియోల్ని సమర్థించేవాళ్లు రెండు నిజమైన పరిశోధనల్ని ముందుకు తెస్తారు. 2007లో ఆలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు హోటల్ గదులు శుభ్రం చేసే 84 మంది ఆడవాళ్లని గమనించారు. ‘మీ పనే మంచి వ్యాయామం’ అని కొందరికి వివరంగా చెప్పారు. నాలుగు వారాల తర్వాత వాళ్ల బరువు, బీపీ కొంత తగ్గాయి. నమ్మకానికి బలం ఉందనడానికి దీన్ని చూపిస్తారు. కానీ ఆ ఆడవాళ్లు రోజంతా పక్కలు సర్దుతూ, బాత్రూములు కడుగుతూ ఒళ్లు వంచి పని చేస్తున్నవాళ్లు. రెండోది 2004లో వచ్చింది. చిటికెన వేలిని గట్టిగా నెడుతున్నట్టు 12 వారాలు ఊహించుకున్నవాళ్లకి ఆ వేలి బలం 35 శాతం పెరిగింది. అది మెదడు నుంచి కండరానికి వెళ్లే ఆజ్ఞ పదునెక్కడం వల్ల వచ్చిన బలం. గుండె దమ్ముతో దానికి సంబంధం లేదు.

కదలిక విలువ చెప్పే పరిశోధన ఇంకా పాతది. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూసింది. ఒకే బస్సు, ఒకే రోడ్లు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి, సీట్లో కూర్చుని ఉండే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

నాకు నిజంగా దిగులు పుట్టించేది వేరే ఉంది. ఆడియో వినడం వల్ల హాని లేదు కదా అంటారు. బీపీ, షుగర్ ఉన్న మనిషి ‘నేను రోజూ చేస్తున్నాను’ అనుకుని నడక మానేస్తే అదే హాని. ఆ ధీమాతో మాత్రలు కూడా తగ్గించుకుంటే ఇంకా పెద్ద హాని. దానికి డబ్బు కట్టడం మీ ఇష్టం. హాయి కోసం అయితే ఉచితంగా దొరికే మామూలు సంగీతం సరిపోతుంది. సౌండ్ మాత్రం ఫోన్లో 60 శాతం దాటించొద్దు.

నా సలహా సూటిగా చెప్పాలంటే, కార్డియో బదులుగా ఎనర్జీ ఆడియో వద్దు. పడుకునే ముందు నిద్ర కోసం వింటానంటే అభ్యంతరం లేదు.

పాటతో చురుకైన నడక: ఎక్కువమందికి ఇదే మొదటి ఎంపిక

ఆడియో మీద ఇష్టం ఉన్నవాళ్లకి శుభవార్త ఇక్కడుంది. వింటూ కదిలితే శబ్దం నిజంగానే సాయపడుతుంది. బ్రిటన్‌లో కోస్టాస్ కారాజియోర్గిస్ లాంటి క్రీడా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దీని మీదే పరిశోధన చేశారు. తక్కువ, మధ్యస్థ శ్రమలో ఉన్నప్పుడు సంగీతం అలసటని తక్కువగా అనిపించేలా చేస్తుంది, ఇంకాసేపు కొనసాగేలా చేస్తుంది. ఊపిరి అందనంత గట్టి శ్రమలో ఆ సాయం పెద్దగా ఉండదు.

పాట ఎంచుకునే పద్ధతి సులువు. పెద్దవాళ్లకి నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తే మధ్యస్థ శ్రమ అవుతుంది. మీకు నచ్చిన పాట పెట్టి 15 సెకన్లు తాళం వేయండి. 25 నుంచి 30 దెబ్బలు పడితే అది నడకకి తగిన పాట. దెబ్బకో అడుగు వేసుకుంటూ పోవడమే. భక్తి గీతాలైనా, సినిమా పాటలైనా, ఒడియా పాటలైనా సరే. అలాంటివి అరగంటకి సరిపడా వరుసగా పెట్టుకుంటే అదే మీ ఆడియో ప్రోగ్రామ్.

ఇక మన రోడ్లు. రాయగడ మీదుగా 326 జాతీయ రహదారి పోతుంది, లారీలు ఆగవు. రోడ్డు మీద నడిచేటప్పుడు రెండు చెవులూ మూసేయకండి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదా ఫోన్ జేబులో పెట్టి స్పీకర్లో వినండి. ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకి కుడివైపు నడవండి. రాయగడ, కోరాపుట్ వైపు మలేరియా మనకి కొత్త కాదు కాబట్టి, సందెవేళ నడిచేవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఎండాకాలంలో పొద్దున్న ఏడులోపు ముగించాలి. కోరాపుట్, జయపురాల్లో చలికాలం మాత్రం దీనికి తిరగేసి చూడండి. మంచు విడిచాక బయల్దేరితే ఆస్తమా ఉన్నవాళ్లకీ మంచిది, బండివాళ్లకి మీరూ కనపడతారు.

బరంపురం వాళ్లకి గోపాలపురం సముద్రం దగ్గరే. పొడి ఇసుకలో నడిస్తే గట్టి నేల మీదకన్నా చాలా ఎక్కువ శ్రమ. అలవాటు లేనివాళ్లు నీటి అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక మీద మొదలుపెట్టాలి. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు ఎక్కడైనా సరే చెప్పులు, బూట్లు లేకుండా నడవకూడదు.

ఇంట్లో: వానాకాలానికీ, బయటికి వెళ్లలేనివాళ్లకీ

నాలుగడుగుల చోటుంటే చాలు. మోకాళ్లు కొంచెం పైకెత్తి, చేతులు ఊపుతూ ఉన్నచోటే అడుగులు వేయడం అన్నిటికన్నా సులువు. టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి చేసినా రోజుకి మంచి మొత్తమే పోగవుతుంది. దీనికి ఊపిరి చాలకపోతే అప్పుడు డ్యాన్సులోకి రండి. కోరాపుట్ వైపు గిరిజనులు ఆడే ధెంసా చూసినవాళ్లకి తెలుసు, చేతులు చేతులు పట్టుకుని వరసగా వేసే ఆ అడుగుల్లో గెంతులు తక్కువ, ఆగడం కూడా తక్కువ. గుండెకి అలాంటి ఆటే మంచిది. ఇంట్లో అత్త, కోడలు, పిల్లలు కలిసి రెండు మూడు పాటలకి ఆడితే సిగ్గు కూడా పోతుంది.

డాబా మెట్లు తక్కువ టైంలో ఎక్కువ పని చేయిస్తాయి. ఎక్కేటప్పుడు గుండెకి పని, దిగేటప్పుడు మోకాళ్లకి భారం. నొప్పి ఉన్నవాళ్లు మెట్ల జోలికి పోకుండా, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం లయగా చేయొచ్చు. దాంతో తొడలకి బలం కూడా వస్తుంది. తాడాట మాత్రం కుర్రవాళ్లకే. నిమిషంలో ఊపిరి ఎగరేస్తుంది, కానీ మడమలకీ మోకాళ్లకీ ప్రతి గెంతూ దెబ్బే.

సైకిల్, జిమ్, యోగా, ఇంటిపని

హైస్కూల్లో పిల్లలకి వచ్చిన సైకిల్ చాలా ఇళ్లలో గోడకి ఆనించి ఉంటుంది. మోకాళ్ల మీద బరువు పడదు కాబట్టి లావుగా ఉన్నవాళ్లకి నడకకన్నా ఇదే నయం. సీటు ఎత్తు సరిచూసుకోండి, పెడల్ కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపినట్టుండాలి. ఊరి లోపలి రోడ్లు, పొలాల దారులు చాలు. హైవే వద్దు.

జిమ్ ట్రెడ్‌మిల్ వాన, ఎండ, కుక్కల బెడద లేని నడక. ఇంటికి దగ్గర్లో ఉంటేనే కట్టండి. దూరమైతే డబ్బు కట్టడమే మిగులుతుంది.

ప్రాణాయామం, ధ్యానం మనసుకి మంచివి, కార్డియో లెక్కలోకి రావు. సూర్య నమస్కారాలు ఆగకుండా వేగంగా చేస్తే వస్తాయి, నెమ్మదిగా చేస్తే ఒళ్లు సాగుతుంది. పొలం పని చేసేవాళ్లకి విడిగా కార్డియో అక్కర్లేని రోజులెన్నో ఉంటాయి. వంటింట్లో నిలబడి అలసిపోవడం మాత్రం వేరు. కాళ్లు లాగుతాయి, ఊపిరి పెరగదు. రోజంతా పని చేసి అలసిపోయే గృహిణులకి ఈ మాట చెప్పడం నాకే కష్టంగా ఉంటుంది, కానీ వాళ్ల గుండె కోసం చెప్పక తప్పదు.

మీరు ఎవరైతే ఏది

*రోజంతా షాపులో కూర్చునేవాళ్లు:* పది నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు. పొద్దున్న షట్టర్ తీసేముందు ఒకటి, మధ్యాహ్నం గిరాకీ తగ్గినప్పుడు షాపులోనే ఉన్నచోట అడుగులు, రాత్రి ఇంటికి నడిచి వెళ్లడం. వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు నిండుతాయి.

*షిఫ్టు డ్యూటీ వాళ్లు:* టైం పెట్టుకోకండి, మారిపోతుంది. ‘డ్యూటీ నుంచి వచ్చాక స్నానానికి ముందు’ అని పెట్టుకుంటే ఏ షిఫ్టుకైనా సరిపోతుంది. నైట్ డ్యూటీ దిగాక గట్టి శ్రమ వద్దు, నడక చాలు. ఆ తర్వాత నిద్ర కోసం ఆడియో వింటానంటే అది దానికి తగిన చోటే.

*అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు:* గట్టి చదును నేల మీద నడక, లేదా సైకిల్. పడిపోతామన్న భయం ఉంటే గోడ పక్కన ఉన్నచోట అడుగులు.

*షుగర్‌కి ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు:* తిన్నాక నడవండి, జేబులో చక్కెరో బెల్లం ముక్కో ఉంచుకోండి. వణుకు, చెమట, కళ్లు తిరగడం మొదలైతే ఆగి వెంటనే తినండి.

*సికిల్ సెల్ ఉన్నవాళ్లు:* దక్షిణ ఒడిశాలో ఇది చాలా కుటుంబాల్లో ఉంది. కేంద్రం 2023 జులైలో దీని మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. జబ్బు ఉన్నవాళ్లు ఎండలో, నీళ్లు తాగకుండా, ఊపిరాడనంత శ్రమ చేస్తే నొప్పుల దాడి రావొచ్చు. తాడాట, పరుగు పందేలు వద్దు. డాక్టర్ని అడిగి, మధ్యమధ్య ఆగుతూ, నీళ్లు తాగుతూ మెల్లగా పెంచుకోవాలి. క్యారియర్లకి (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉన్నవాళ్లకి) మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ తీవ్రమైన ఎండలో గట్టి శ్రమ వాళ్లకీ ప్రమాదమే.

*రెండు మెట్లకే దడ వచ్చే ఆడవాళ్లు:* ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తం తక్కువైతే వ్యాయామం పెంచే ముందు దాన్ని సరిచేయాలి. బీపీ, షుగర్ కూడా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలోనే ఒకేసారి చూపించుకోవచ్చు.

*గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఛాతీలో పట్టేసినట్టు ఎప్పుడైనా అనిపించినవాళ్లు:* ఈ వ్యాసంలో ఏదీ డాక్టర్‌కి చూపించుకోకముందు మొదలుపెట్టకండి. బరంపురం, కోరాపుట్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. విశాఖ దగ్గరైనవాళ్లు అటు వెళ్లొచ్చు. చేస్తుండగా ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లటి చెమట పట్టినా అక్కడే ఆగి 108కి ఫోన్ చేయాలి.

నాడి లెక్కపెట్టుకునే అలవాటున్నవాళ్లకి: 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం సుమారుగా తెలుస్తుంది. అందులో 64 నుంచి 76 శాతం మధ్యస్థ శ్రమ. యాభై ఏళ్ల మనిషికి గరిష్ఠం 170, కాబట్టి నిమిషానికి 109 నుంచి 129 మధ్య ఉండాలి. ఆగిన వెంటనే మణికట్టు దగ్గర 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి ఈ లెక్క కుదరదు. ఆ మందులు నాడిని పెరగనివ్వవు. అంకె కోసం తాపత్రయపడి వేగం పెంచకండి. మాట్లాడగలుగుతూ పాడలేకపోవడమే వాళ్లకి కొలత.